రైలు వచ్చింది సరే, లెక్క ఎవరడగాలి?

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం పాఠం)



చిలకలగూడలో కాపురం ఉండేవాళ్ళకు రైలు గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఇటు సికింద్రాబాదు స్టేషను, అటు రైల్వే క్వార్టర్లు, కాస్త దూరంలో రైల్ నిలయం. పొద్దున బండి కూతతో పొయ్యి వెలిగించి, రాత్రి బండి కూతతో దీపం ఆర్పిన ఇళ్ళు ఇక్కడ ఎన్నో. అయితే ఈ పట్టాలు మన ముంగిట్లోకి ఎలా వచ్చాయి, వాటి వెనక ఏ కాగితాలమీద ఎవరెవరు సంతకాలు పెట్టారు, ఆ సంతకాలకు ఎవరు ధర కట్టారు అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఈవేళ ఆ కథ చెప్పుకుందాం. దానికి ముందు ఒక్కసారి సముద్రాలు దాటి అమెరికా దాకా వెళ్ళి రావాలి. ఎందుకంటే అక్కడా ఇక్కడా జరిగిన కథ ఒకటే. వేషాలే వేరు.

అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగింది. అది ముగిశాక దేశానికి ఒక్కసారిగా డబ్బు రెక్కలొచ్చాయి. రైళ్ళు, ఉక్కు, కిరసనాయిలు, బ్యాంకులు, ఏది ముట్టుకున్నా బంగారమే. ఆ కాలానికి మార్క్ ట్వేన్, వార్నర్ అనే ఇద్దరు రచయితలు 1873లో రాసిన నవలతో ఒక పేరు స్థిరపడిపోయింది: పూతబంగారు యుగం. పైన మెరుపు, లోపల ఇత్తడి అన్నమాట.

ఆ మెరుపు కింద ఏముందో చూడండి. మిస్సోరి నది నుంచి పడమటి తీరానికి రైలు వెయ్యాలని 1862లో అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. యూనియన్ పసిఫిక్ అనే కంపెనీకి అందులో ఒక భాగం అప్పజెప్పారు. వేసిన ప్రతి మైలుకూ సర్కారు బాండ్ల రూపంలో అప్పు ఇచ్చేది. మైదానంలో మైలుకు 16,000 డాలర్లు, కొండ అంచుల్లో 32,000, కొండల్లో అయితే 48,000. దానికి తోడు పట్టాల పక్కన భూములు.

ఇప్పుడు కంపెనీ పెద్దలు ఏం చేశారూ అంటే, క్రెడిట్ మొబిలియర్ అని ఇంకో కంపెనీ పెట్టారు. రైలు వేసే కాంట్రాక్టును ఆ రెండో కంపెనీ చేతిలో పెట్టారు. రెండు చోట్లా మనుషులు వాళ్ళే. ఇల్లు కట్టించే యజమానీ తానే, కట్టే మేస్త్రీ తానే, డబ్బు మాత్రం ఊళ్ళోవాళ్ళది. ఇంక మేస్త్రీ ఎంత రాస్తే యజమాని అంత ఒప్పుకుంటాడు గదా! రైలు కంపెనీ అప్పుల్లో మునిగింది, కాంట్రాక్టు కంపెనీ లాభాల్లో తేలింది.

దీన్ని ఎవరూ కదపకుండా ఉండాలంటే కాంగ్రెసు సభ్యులు నోరు మెదపకూడదు. మసాచుసెట్స్ నుంచి ఎన్నికైన ఓక్స్ ఏమ్స్ అనే సభ్యుడు ఆ పని మీద వేసుకున్నాడు. క్రెడిట్ మొబిలియర్ వాటాలను బజారు ధరకంటే ఎంతో చవకగా తోటి సభ్యులకు పంచాడు. చేతిలో డబ్బు లేని వాళ్ళకు లాభం వచ్చాకే ఇవ్వండన్నాడు. లంచం అని ఎవరూ అనలేదు, పెట్టుబడి అన్నారు. 1872 సెప్టెంబరులో న్యూయార్కు నుంచి వచ్చే సన్ అనే పత్రిక ఈ గుట్టు రట్టు చేసింది. ఉపాధ్యక్షుడు కోల్‌ఫాక్స్ పేరు బయటికొచ్చింది. తరువాత అధ్యక్షుడైన గార్‌ఫీల్డ్ పేరు కూడా ఆ జాబితాలో వినపడింది. విచారణ జరిగింది. 1873 ఫిబ్రవరిలో ఏమ్స్‌నీ, బ్రూక్స్ అనే ఇంకో సభ్యుణ్ణీ సభ అభిశంసించింది. అంతే. ఒక్కరు కూడా జైలుకు పోలేదు.

న్యూయార్కు నగరంలో అయితే ట్వీడ్ అనే నాయకుడు ఊరినే గుత్తకు తీసుకున్నట్టు నడిపాడు. టామనీ హాల్ అనే పార్టీ ముఠాకు ఆయన పెద్ద. వలస వచ్చిన పేదవాళ్ళకు ఉద్యోగం ఇప్పిస్తాడు, చలికాలంలో బొగ్గు ఇప్పిస్తాడు, ఓటు పుచ్చుకుంటాడు. రెండున్నర లక్షల డాలర్లలో కడదామనుకున్న కోర్టు భవనం లెక్క కోటి డాలర్లు దాటిపోయింది. 1871లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ పద్దులు అచ్చువేసింది. థామస్ నాస్ట్ అనే ఆయన వ్యంగ్యచిత్రాలు వేశాడు. పద్దు చదవలేని ఓటరుకు బొమ్మ అర్థమవుతుంది గదా! జైలు పాలైన ట్వీడ్ తప్పించుకుని స్పెయిన్ పారిపోతే, ఆ బొమ్మ చూసి గుర్తుపట్టి పట్టుకున్నారట. చివరికి 1878లో జైల్లోనే పోయాడు.

అప్పట్లో అమెరికాలో సర్కారు నౌకరీలన్నీ గెలిచిన పార్టీవాళ్ళ బహుమానాలే. తపాలా గుమాస్తా దగ్గర్నుంచి రాయబారి దాకా అంతా సిఫారసే. 1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వేస్టేషనులో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను గీటో అనే ఒకడు కాల్చాడు. తాను పార్టీకి సేవ చేశాననీ, తనకు పారిస్‌లో కాన్సల్ ఉద్యోగం ఇవ్వలేదనీ వాడి కోపం. అధ్యక్షుడు సెప్టెంబరులో కన్నుమూశాడు. ఆ దెబ్బతో 1883 జనవరిలో పరీక్ష పెట్టి ఉద్యోగమిచ్చే చట్టం వచ్చింది. అదీ మొదట పదోవంతు ఉద్యోగాలకే. అయినా ఆరంభమంటూ జరిగింది.

సరే, ఇంక మన ఊరికి వద్దాం. అక్కడ ఆ చట్టం వచ్చిన మరుసటి నెలలోనే, 1883 ఫిబ్రవరి 8న, హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్ కలరాతో హఠాత్తుగా చనిపోయారు. ముప్పై ఏళ్ళు దివానుగా ఉన్న మనిషి. శిస్తు వసూళ్ళను గుత్తకిచ్చే పాత పద్ధతిని మాన్పించి, జిల్లాలు ఏర్పరచి, జీతం మీద పనిచేసే అధికారులను పెట్టిన ఘనత ఆయనది. ఆయన ఉన్నంతకాలం అన్ని తాళంచెవులూ ఆయన మొలలోనే. ఆయన పోయేనాటికి నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఇంకా పదిహేడేళ్ళు నిండలేదు. 1884 ఫిబ్రవరిలోగాని ఆయన చేతికి పూర్తి అధికారం రాలేదు. పెద్దదిక్కు పోయిన ఇంట్లో బీరువా తలుపు తెరిచి ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది అప్పటి హైదరాబాదు.

అప్పటికి వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చి తొమ్మిదేళ్ళయింది. 1874 నాటి మాట అది. ఇక దాన్ని వరంగల్లు మీదుగా తూర్పుకు, బెజవాడ దాకా, ఉత్తరాన చాందా వైపుకు పొడిగించాలని పథకం వేశారు. దానికి లండనులో ఒక కంపెనీ పెట్టాలి, కంపెనీలో పెట్టుబడి పెట్టిన దొరలకు నిజాం సర్కారు వడ్డీకి హామీ ఉండాలి. ఏడాదికి నూటికి 5 చొప్పున, 20 ఏళ్ళపాటు. రైలు నడిచినా నడవకపోయినా, లాభం వచ్చినా రాకపోయినా దొరగారి వడ్డీ దొరగారికి చేరాలి. ఆ వడ్డీ ఎక్కణ్ణించి వస్తుందమ్మా? తెలంగాణా, మరాఠ్వాడా జిల్లాల రైతు కట్టే శిస్తులోంచే గదా!

ఈ ప్రశ్న ఊళ్ళో కొందరికి తట్టింది. అందులో ముఖ్యులు ఇద్దరు. ఒకరు అఘోరనాథ చట్టోపాధ్యాయ. ఎడింబరోలో సైన్సు డాక్టరేటు తీసుకుని వచ్చి, తరువాత నిజాం కళాశాలగా పేరుపొందిన హైదరాబాదు కాలేజీకి మొదటి ప్రిన్సిపాలు అయిన బెంగాలీ పండితుడు. మన సరోజినీదేవి తండ్రి అంటే మీకు ఇంకా తేలిగ్గా గుర్తొస్తారు. రెండో ఆయన ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, సర్కారు ఉద్యోగి, విద్యావంతుడు. వీళ్ళు ఇంకొందరితో కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఏమడిగారో తెలుసునా? రైలు వద్దనలేదు. తిరుగుబాటు అసలే అనలేదు. ఈ ఒప్పందంలో షరతులేమిటో ప్రజలకు తెలియజెయ్యండి, మా మంచిచెడ్డలు మేమూ విచారించుకుంటాం అన్నారు. హైదరాబాదులో ప్రజలు ఒక సర్కారు ఒప్పందం గురించి కూడబలుక్కుని ప్రశ్న వెయ్యడం అనేది దాదాపు అదే మొదలు.

జవాబు ఏమొచ్చిందో వినండి. 1883 మే 20న అఘోరనాథను ఉద్యోగం నుంచి తప్పించి, ఊరి పొలిమేర దాటించారు. ముల్లా ఖయ్యూమ్‌కూ వేటు పడింది. అప్పటికి సరోజినికి నాలుగేళ్ళు. కొన్నాళ్ళకు అఘోరనాథను మళ్ళీ పిలిపించుకుని విద్యాశాఖలో పని ఇచ్చారనుకోండి. కానీ ఆ ఏడు డిసెంబరులో ఒప్పందం మాత్రం చల్లగా కుదిరిపోయింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పుట్టింది. అడిగినవాళ్ళు లేరు గనక చెప్పవలసిన అవసరమూ లేకపోయింది.

ఈ రైలు మంతనాల కోసం లండను వెళ్ళి వచ్చిన హైదరాబాదు అధికారి ఒకాయన ఉన్నారు. పేరు అబ్దుల్ హక్. సర్దార్ దిలేర్ జంగ్ అనీ, దిలేరుల్ముల్క్ అనీ బిరుదులు. చురుకైనవాడు, దొరల భాష తెలిసినవాడు, సాలార్‌జంగ్ కాలం నుంచి నమ్మకం సంపాదించుకున్నవాడు. ఇక రెండో అంకం ఆయనదే.

మన తెలంగాణాలో బొగ్గు ఉన్నదని 1871 ప్రాంతంలో భూగర్భ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర కనిపెట్టాడు. సింగరేణి అన్న చిన్న పల్లె పేరు అప్పణ్ణించి పెద్దదైంది. రైలుకు బొగ్గు కావాలి, బొగ్గు మొయ్యడానికి రైలు కావాలి. 1886 జనవరిలో నిజాం రాజ్యంలోని గనుల హక్కును వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళకు 99 ఏళ్ళకు రాసిచ్చారు. బ్రిటిష్ రెసిడెంటుకు తెలుసు, లండనులో ఇండియా ఆఫీసుకూ తెలుసు, వాళ్ళ సమ్మతీ ఉంది. మధ్యవర్తి అబ్దుల్ హక్.

ఆ ఇద్దరూ చేసిందల్లా ఆ కాగితాన్ని పట్టుకెళ్ళి లండనులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని ఒకటి పెట్టడం. మూలధనం 10 లక్షల పౌన్లు. వాటా ఒక్కింటికి 10 పౌన్లు, మొత్తం లక్ష వాటాలు. ఇందులో 85,000 వాటాలను, పూర్తిగా డబ్బు కట్టినట్టే లెక్కవేసి, హక్కు తెచ్చినందుకు ప్రతిఫలంగా తామే తీసుకున్నారు. గని తవ్వడానికి నిజంగా డబ్బు రావలసింది మిగతా 15,000 వాటాల మీదనే. అంటే ఏమిటన్నమాట? ఒకరి పెరట్లో బావి తవ్వే హక్కు ఊరికే పుచ్చుకుని, నూరు వాటాల్లో 85 నావేనని చెప్పి, మిగిలిన 15 మంది డబ్బుతో పార కొని, బావి ఇంకా తవ్వకముందే నా 85నీ బజార్లో అమ్ముకోవడం. పెరటి యజమాని ఇంకా బిందె పట్టుకుని నిలబడే ఉన్నాడు!

అంతటితో ఆగితే దాన్ని దొరల గడుసుతనం అనుకుని ఊరుకోవచ్చు. ఈ లాభంలో అబ్దుల్ హక్‌కు లోపాయికారీగా వాటా ఉంది. నిజాం సర్కారుకు కూడా ఈ కంపెనీలో కొన్ని వాటాలుంటే మంచిదని ఆయనే సలహా ఇచ్చి, సర్కారు ఖజానా డబ్బుతో, పది పౌన్ల ముఖవిలువకు మించిన ధరకు వాటాలు కొనిపించారు. లండను షేర్ మార్కెట్లో కొన్నట్టు చూపారు. తీరా చూస్తే సర్కారుకు చేరినవి ఆయన చేతిలోని వాటాలే! కుట్టుమిషను కొనుక్కురమ్మని మనం మరిదిని బజారుకు పంపిస్తే, తనకు ఊరికే వచ్చిన మిషనును కొట్టువాడి పేరు చెప్పి ఎక్కువ ధరకు మనకే అంటగట్టినట్టు. ఓక్స్ ఏమ్స్ తోటి సభ్యులకు వాటాలు పంచితే, ఇక్కడ రాజ్యమే కొనుగోలుదారయింది.

ఇది దాగలేదు. 1888లో లండను పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. కామన్స్ సభ ఒక ప్రత్యేక సంఘాన్ని వేసి సాక్ష్యాలు తీసుకుంది. హైదరాబాదు తరఫున వ్యవహారం చూడటానికి మొహసినుల్ముల్క్ బిరుదుగల మెహదీ అలీ సముద్రం దాటి వెళ్ళారు. తరువాత ఆలీగఢ్ కళాశాలకు సారథ్యం వహించింది ఈయనే. అబ్దుల్ హక్ పదవి పోయింది. పద్దులన్నీ బయటపడ్డాయి. కానీ గమనించండి, మన రైతుల డబ్బు గురించి విచారణ జరిగింది మన ఊళ్ళో కాదు, లండనులో. మన భాషలో కాదు, ఇంగ్లీషులో. వడ్డీ కట్టిన రైతు ఆ సంఘం ముందు నిలబడి ఒక్క మాటైనా చెప్పే వీలు లేకపోయింది. 1883లో ఇక్కడే, ఇంట్లోనే అడిగినవాళ్ళ మాట విని ఉంటే, 1888లో పరాయి గుమ్మంలో తలవంచుకోవలసి వచ్చేదా అన్నది నా ప్రశ్న.

ఇక్కడ మీలో ఒకరు అనొచ్చు: "ఏమైతేనేం, రైలు వచ్చింది గదా, బొగ్గూ వచ్చింది గదా!" అని. నిజమే. 1886లో బండి వరంగల్లు చేరింది, 1888లో ఇల్లెందు బొగ్గు గనులను ముట్టింది, 1889 ఫిబ్రవరిలో బెజవాడ చేరింది. తెలంగాణా నుంచి కోస్తాకు పిల్లనిచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఒక్కరోజులో రాకపోకలు చెయ్యగలిగారంటే ఆ పట్టాల పుణ్యమే. ఆ కంపెనీ ఆస్తులు 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి వచ్చాయి. 1945లో అందులో ఎక్కువ వాటాలు నిజాం సర్కారు కొన్నది. ఇవాళ అది తెలంగాణా ప్రభుత్వమూ కేంద్రమూ కలిసి నడిపే సంస్థ. వేల ఇళ్ళలో దీపం వెలిగిస్తున్నది. రైల్వేను కూడా 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ చేతిలోంచి తీసేసుకుంది. అమెరికాలోనూ అంతే. 1869 మే 10న యూటాలో రెండు వైపుల పట్టాలూ కలిశాయి. దేశం ఒకటైంది.

కానీ అమ్మా, మంచి పని జరిగిందన్న మాటే ఈ దొంగతనాలకు పెద్ద ముసుగు. పెళ్ళి బాగా జరిగింది గదా అని పందిరివాడి లెక్క చూడకుండా ఇచ్చేస్తామా? పనికిరాని పనిలో దోచుకుంటే వెంటనే తెలిసిపోతుంది. పదిమందికీ పనికొచ్చే పనిలో దోచుకున్నప్పుడే, అడిగినవాణ్ణి పనికి అడ్డం వస్తున్నాడనీ, ఊరు బాగుపడటం ఇష్టంలేనివాడనీ అంటారు. అఘోరనాథను అన్నదీ అదే. ఆయన రైలుకు శత్రువు కాదు. లెక్కకు మిత్రుడు. ఈ రెంటికీ తేడా తెలియనివ్వకపోవడంలోనే లంచగొండి బతుకంతా ఉంది.

ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. అమెరికాలో ఎన్నికలున్నాయి, పత్రికలున్నాయి, అయినా దోపిడీ జరిగింది. మన దగ్గర ఎన్నికలు లేవు, అడిగే సభ లేదు, ఇక్కడా జరిగింది. కాబట్టి ఓటు ఒక్కటే మందు కాదని తేలుతుంది. మరి అక్కడ కాస్తైనా కుదుటపడింది ఎందువల్ల? పద్దులు పదిమంది చేతికీ రావడం వల్ల. ట్వీడ్‌ను దింపింది పద్దే. ఆ మాటకొస్తే ఒక స్త్రీ కథ చెప్పి ముగిస్తాను.

పెన్సిల్వేనియాలో 1857లో పుట్టి, కిరసనాయిలు బావులున్న ఊళ్ళో పెరిగిన పిల్ల ఐడా టార్బెల్. రాక్‌ఫెల్లర్ కంపెనీ, స్టాండర్డ్ ఆయిల్, రైలు కంపెనీలతో చాటుమాటు ఒప్పందాలు చేసుకుని చిన్న వర్తకులను తొక్కేసింది. ఆమె తండ్రి కూడా ఆ చిన్నవాళ్ళలో ఒకడు. పెద్దయ్యాక ఆమె పత్రికా రచయిత్రి అయింది. తిట్టలేదు, ఏడవలేదు. కోర్టు కాగితాలు, విచారణ సంఘాల నివేదికలు, పాత పత్రికలు ఏళ్ళ తరబడి వెతికి, ఒక్కొక్క అంకె సరిచూసి, 1902 నుంచి మెక్‌క్లూర్స్ అనే పత్రికలో వరసగా రాసింది. 1904లో అది పుస్తకమైంది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ మహా కంపెనీని ముక్కలు చెయ్యమని తీర్పు ఇచ్చింది. ఆమె ఒక్కతే చేసిందని కాదు, కానీ ఆమె పేర్చిన అంకెలు దేశమంతా చదివింది. ఇంకో సంగతి. అవన్నీ రాసేనాటికి ఆమెకు దేశ ఎన్నికల్లో ఓటు లేదు. అమెరికాలో ఆడవాళ్ళందరికీ ఓటుహక్కు రాజ్యాంగంలో చేరింది 1920లోనే.

ఇది విని, "మాకెందుకమ్మా, రాజకీయాలు మగవాళ్ళవి" అనకండి. నెలాఖరున పాలవాడి చీటీ, కిరాణా పద్దు, చాకలి లెక్క, చిట్టీ పాట, అన్నీ మన చేతిలోంచే వెళ్తాయి. నాలుగు రూపాయలు తేడా వస్తే అర్ధరాత్రి దాకా కూర్చుని వెతికి పట్టుకునేది మనమే. ఆ చూపును గుమ్మం దాటించడమే తరువాయి. వీధిలో రోడ్డు వేశారు, మూడు నెలలకు కంకర లేచింది. బడికి గదులు మంజూరయ్యాయి, గోడ లేవలేదు. రోడ్డు వచ్చింది గదా, గది వచ్చింది గదా అని సరిపెట్టుకోవడం కాదు, ఎంతకు వచ్చింది, ఎవరి పేర వచ్చింది అని అడగాలి.

1883లో అడిగినందుకు హైదరాబాదులో ఒక పండితుణ్ణి ఊరు దాటించారు. 2005లో మన దేశంలో సమాచార హక్కు చట్టం వచ్చింది. కేంద్ర కార్యాలయాల్లో అయితే పది రూపాయల రుసుంతో తెల్లకాగితం మీద రాసి అడగవచ్చు. పేదరికపు గీత కింద ఉన్నవాళ్ళు అదీ కట్టనక్కరలేదు. మామూలుగా ముప్పై రోజుల్లో జవాబివ్వాలని నియమం. అఘోరనాథ, ముల్లా ఖయ్యూమ్ అడిగినదాని కంటే మనం అడిగేది ఎక్కువేం కాదు. వాళ్ళకు శిక్ష అయినది మనకు హక్కయింది. చిలకలగూడ చౌరస్తా దాటి స్టేషను వైపు నడుస్తున్నప్పుడు ఆ ఇద్దరినీ ఒక్కసారి తలుచుకోండి. తలుచుకుని, మీ వీధికి సంబంధించిన ఒక్క లెక్కైనా ఈ ఏడాది అడిగి చూడండి.